థీసిస్ స్టేట్‌మెంట్‌కి ఏ ఉచిత గైడ్ నిజంగా పనికొస్తుంది?

థీసిస్ స్టేట్‌మెంట్ అంటే పేపర్ మొత్తం నిలబెట్టబోయే ప్రధాన వాదనని ఒకటి రెండు వాక్యాల్లో తేల్చి చెప్పేది. రీసెర్చ్ పేపర్‌కి అది ఎలా రాయాలని నెట్‌లో వెతికితే మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి నాలుగు పేర్లు. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్, చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా యూనివర్సిటీ రైటింగ్ సెంటర్, హార్వర్డ్ కాలేజ్ రైటింగ్ సెంటర్, బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీ రైటింగ్ ట్యుటోరియల్ సర్వీసెస్. నాలుగూ అమెరికా యూనివర్సిటీలవే. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ అడగవు. వీటి పక్కనే థీసిస్ స్టేట్‌మెంట్ జనరేటర్ అని పేరు పెట్టుకున్న సైట్లు బోలెడు, ఇప్పుడు చాట్‌బాట్‌లు కూడా. అమెరికాలో డిగ్రీ, మాస్టర్స్ చదివే మన పిల్లలూ, ఇక్కడ ఇంగ్లిష్‌లో పేపర్లు రాసే ఎంఏ, పీహెచ్‌డీ విద్యార్థులూ వీటిలో ఏదో ఒకటి తెరుస్తున్నారు. ఏది తెరవాలి, ఏది దేనికి పనికొస్తుంది అన్నదే ఈ సమీక్ష.

ఒక్కటే చదివే తీరిక ఉంటే చాపెల్ హిల్ వాళ్ళది చదవండి. రెండు చదవగలిగితే దానికి హార్వర్డ్‌ది కలపండి. పర్డ్యూ పేరు పెద్దది, కానీ దాని అసలు సరుకు మొదట కనిపించే పేజీలో లేదు. జనరేటర్ల జోలికి పోకండి. ఎందుకో వివరంగా చెప్తాం.

నిర్వచనాలు అందరూ బాగానే చెప్తారు కాబట్టి వాటికి మార్కులు వెయ్యలేదు. గైడ్ చదివాక చేతిలో ఉన్న వాక్యం మారుతుందా లేదా అన్నదే కొలత. అందుకు ఒకే టాపిక్ తీసుకుని అన్ని గైడ్లలోనూ పెట్టి చూశాం: 1992లో నెల్లూరు జిల్లాలో రేగిన సారా వ్యతిరేక ఉద్యమం. అక్షరాస్యత తరగతులకి వెళ్ళే దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకం ఆపించడం, ఆ కదలిక జిల్లా అంతా, ఆపైన రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మన పాఠకులకు తెలిసినవే. హిస్టరీ, సోషియాలజీ, జెండర్ స్టడీస్ క్లాసులో పేపర్‌కి ఇది మంచి టాపిక్. ఆ రోజుల తెలుగు పత్రికలున్నాయి, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన వ్యాసాలున్నాయి, తెలుగు చదవగలిగినవాళ్ళకి మిగతా క్లాసుకి అందని ఆధారాలు అందుతాయి.

మొదలుపెట్టిన వాక్యం ఇది: “ఈ పేపర్‌లో సారా వ్యతిరేక ఉద్యమానికి కారణాలు, దాని ఫలితాలు చర్చిస్తాను.” మన దగ్గర చదువుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది మొదటి డ్రాఫ్టులో ఉండే వాక్యం సరిగ్గా ఇలాంటిదే. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా ఎస్సే ప్రశ్నకి నిర్వచనం, కారణాలు, ఫలితాలు, ముగింపు అని సైడ్ హెడింగులు పెట్టి రాయడమే మనకి నేర్పారు. అక్కడ ఏమీ వదలకుండా రాసినవాళ్ళకి మార్కులు. రీసెర్చ్ పేపర్‌లో మార్కులు పడేది ఒక మాట తేల్చి చెప్పి, దాన్ని నిలబెట్టినవాళ్ళకి. పై వాక్యం ఏం చెప్పబోతున్నారో చెప్తుంది తప్ప ఏం తేల్చారో చెప్పదు. దాన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే కాదనడానికి అందులో ఏమీ లేదు.

ముందు పర్డ్యూ. వాళ్ళ రైటింగ్ ల్యాబ్ 1976లో మొదలైంది, ఆన్‌లైన్ సేవ 1994 నుంచి ఉంది. ఇన్నేళ్ళుగా నడుస్తున్న సేవ కాబట్టి ప్రొఫెసర్లు కూడా సిలబస్‌లో దీని లింకే ఇస్తుంటారు. 2019లో విద్యార్థులకి చదువులో సాయం అమ్మే చెగ్ కంపెనీతో ఒప్పందం కుదిరాక పేజీల్లో ప్రకటనలు వచ్చాయి. చదువుతున్నది వ్యాసమా ప్రకటనా అని ఫోన్‌లో ఒక్కోసారి తడుముకోవాలి. థీసిస్ స్టేట్‌మెంట్ చిట్కాలని ఉన్న పేజీ చాలా చిన్నది. పేపర్ మూడు రకాల్లో ఏదో ముందు తేల్చుకోమంటుంది: విడదీసి పరిశీలించేదా, వివరించేదా, వాదించేదా. థీసిస్ నిర్దిష్టంగా ఉండాలని, సాధారణంగా మొదటి పేరా చివర వస్తుందని, రాస్తూ పోతే మార్చాల్సి రావచ్చని చెప్తుంది. అన్నీ సరైన మాటలే. ఇబ్బంది ఉదాహరణలతో. వివరించే రకానికి ఇచ్చిన నమూనా వాక్యం కాలేజీ విద్యార్థి జీవితమంటే చదువుకోవడం, క్లాసులకెళ్ళడం, స్నేహితులతో గడపడం అనే ధోరణిలో ఉంటుంది. ఆ వాక్యాన్ని కాదనేవాళ్ళు ఎవరుంటారు? దాన్ని చూసి మన విద్యార్థి “సారా ఉద్యమానికి సామాజిక, ఆర్థిక, రాజకీయ కారణాలున్నాయి” అని రాసి, నమూనా ప్రకారమే రాశానని ధైర్యంగా ఉంటాడు. కారణానికో పేరా చొప్పున మూడు పేరాలు పడతాయి, పైనా కిందా ఒక్కోటి, అయిదు పేరాల వ్యాసం తయారు. హైస్కూల్ అసైన్‌మెంట్‌కి అది చాలు. 300, 400 లెవెల్ కోర్సులో, అంటే డిగ్రీ చివరి ఏళ్ళ స్థాయిలో, చాలదు.

అదే పర్డ్యూలో వాదన పేపర్ల విభాగం కింద గట్టి థీసిస్ గురించి వేరే పేజీ ఉంది. వెతుక్కుని వెళ్ళాల్సింది దానికోసం. కాలుష్యం పర్యావరణానికి చెడ్డది అనే వాక్యం ఎందుకు థీసిస్ కాదో మొదట చూపిస్తారు: కాలుష్యం అనగానే చెడ్డదనే అర్థం వచ్చేసింది, ఇక వాదించేదేముంది? తర్వాత ఆ వాక్యాన్ని కేంద్ర బడ్జెట్‌లో ఇంత శాతం దానికి ఖర్చుపెట్టాలి అన్న వాదనగా మార్చి, ఆ పైన ఇంకా ఇరుకు చేసి చూపిస్తారు. సాధారణంగా, చాలా సందర్భాల్లో, సగటున వంటి పరిమితి మాటలు వాడమని చెప్పే భాగం చిన్నదే అయినా చాలా విలువైనది. మన రాతల్లో ‘అన్ని’, ‘ఎప్పుడూ’, ‘ఎవరూ’ ధారాళంగా పడిపోతుంటాయి, ఒక్క విరుద్ధ ఉదాహరణతో పేపర్ మొత్తం కూలుతుంది. ఆ పేజీ చివర వాదనలు నాలుగు రకాలని చెప్తారు. మా టాపిక్ మీద అవి ఇలా పనిచేశాయి. ఇది అసలు దేని మీద పోరాటం, సారా మీదా లేక ఇంట్లో హింస మీదా? అది నిర్వచనం గురించిన వాదన. ఏది దేనికి దారితీసింది, అక్షరాస్యత తరగతులు లేకపోతే ఇది జరిగేదా? కార్యకారణ వాదన. రాష్ట్ర మహిళా ఉద్యమాల్లో దీని విలువ ఎంత? విలువ గురించిన వాదన. ఆదాయం కోసం అమ్మకం మీద ఆధారపడిన ప్రభుత్వం నిషేధాన్ని ఎలా అమలు చేసి ఉండాల్సింది? అది విధానం గురించిన వాదన. ఒక టాపిక్ నుంచి నాలుగు వేర్వేరు పేపర్లు వచ్చాయి, వాటికి కావలసిన ఆధారాలు కూడా వేరు. ఏ పేపర్ రాస్తున్నామో తెలియక నాలుగూ కలిపేసి రాయడం దగ్గరే చాలా డ్రాఫ్టులు పాడవుతాయి. ఈ పేజీ వాక్యాన్ని దిద్దదు, కానీ ఏ దారిలో వెళ్ళాలో తేలుస్తుంది.

చాపెల్ హిల్ వాళ్ళ హ్యాండవుట్ దగ్గరికొస్తే అసలు పని మొదలవుతుంది. మొదటి మంచి విషయం, థీసిస్ రాయడం అసైన్‌మెంట్ చదవగానే చేసే పని కాదని సూటిగా చెప్పడం. ముందు ఆధారాలు పోగు చెయ్యాలి, వాటి మధ్య సంబంధాలు, వైరుధ్యాలు వెతకాలి, అప్పుడు తాత్కాలికంగా ఒక వాక్యం రాసుకోవాలి. దాన్ని మార్చుకోవచ్చని కూడా భరోసా ఇస్తారు. రెండో మంచి విషయం, ఆ తాత్కాలిక వాక్యాన్ని నిలదీసే ప్రశ్నల జాబితా. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్తోందా, ఎవరైనా కాదనగలరా, తగినంత నిర్దిష్టంగా ఉందా, ‘అయితే ఏంటట?’ అంటే జవాబుందా, పేపర్ మొత్తం దీన్నే నిలబెడుతోందా, ‘ఎలా, ఎందుకు’ అంటే తెలుస్తుందా. అమెరికా అంతర్యుద్ధం మీద ఒక బలహీనమైన వాక్యాన్ని తీసుకుని రెండు మెట్లలో బాగుచేసి చూపిస్తారు. ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఎన్నో కారణాలతో యుద్ధం చేశారు, కొన్ని ఒకటే, కొన్ని వేరు అన్నది మొదటి మెట్టు. ఇద్దరూ అణచివేత మీదే పోరాడుతున్నామనుకున్నారు, కానీ అణచివేత అంటే ఒకరికి బానిసత్వం, మరొకరికి స్వపరిపాలన హక్కు పోవడం అన్నది చివరి మెట్టు. ఒకే విషయం మీద మెట్టు మెట్టుకీ ఏం పెరిగిందో కళ్ళ ముందు కనిపిస్తుంది. నాలుగు గైడ్లలోనూ ఇంత బాగా చూపించిన చోటు ఇంకోటి లేదు.

మా వాక్యాన్ని ఆ ప్రశ్నల ముందు పెట్టాం. మొదటి సవరణ: “నెల్లూరు సారా ఉద్యమం విజయవంతం కావడంలో అక్షరాస్యత కార్యక్రమం ముఖ్య పాత్ర పోషించింది.” మునుపటికంటే నయం, ఒక మాట తేల్చింది. కానీ ‘విజయవంతం’ అన్న చోటే ఆగిపోయింది. ఏ విజయం? ఊళ్ళో దుకాణం మూయించడమా, 1993 నిషేధమా, 1995 చట్టమా? 1997లో సడలించాక దాన్ని విజయమనొచ్చా? బాగుంది, విజయవంతమైంది వంటి మాటలు వాడితే ఏ రకంగానో చెప్పమని గైడ్ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. ‘ముఖ్య పాత్ర పోషించింది’ కూడా అలాంటిదే. ఇంగ్లిష్‌లో మనవాళ్ళు రాసే ‘ప్లేస్ ఎ వైటల్ రోల్’ ఇదే. ఎంత పాత్రో, ఏ రకంగానో చెప్పకుండా దాటెయ్యడానికి పనికొచ్చే మాట. ‘ఎలా, ఎందుకు’ పరీక్ష దాన్ని పట్టేసింది.

రెండో సవరణ ఇలా తేలింది: “1992లో సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లాలో ఊరి నుంచి ఊరికి వేగంగా పాకడానికి అక్షరాస్యత కేంద్రాలు తోడ్పడింది ప్రధానంగా చదువు నేర్పడం ద్వారా కాదు, ఎవరింట్లో వాళ్ళు పడే బాధను ఆడవాళ్ళు పదిమందిలో మాట్లాడుకునే చోటు ఇవ్వడం ద్వారా.” ఇది నిజమో కాదో పేపర్ తేల్చాలి. థీసిస్‌గా మాత్రం ఇది నిలబడుతుంది. ‘విజయం’ పోయి ‘ఊరి నుంచి ఊరికి పాకడం’ వచ్చింది, అది చూపించగలిగే విషయం. కాలం, చోటు ఖరారయ్యాయి. ‘ప్రధానంగా’ అన్న పరిమితి ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని కాదనేవాళ్ళు ఎవరో వెంటనే తెలుస్తుంది: ఆ తరగతుల వాచకంలోని పాఠాలు చదవడం వల్లే ఆడవాళ్ళు కదిలారని, అంటే చదువే కదిలించిందని చెప్పేవాళ్ళు.

ఇంకో లాభం, వాక్యమే ఆధారాల జాబితా ఇచ్చేస్తుంది. కేంద్రాలు చురుగ్గా నడిచిన ఊళ్ళలో ఆందోళన ముందుగా వచ్చిందా? తరగతుల్లో ఏం జరిగేదో అక్కడ కూర్చున్నవాళ్ళు ఏం చెప్పారు? పాఠం విన్నాక కదిలారా, పాఠంతో పనిలేకుండా ముందే మాట్లాడుకుంటున్నారా? ఈ మూడింటికీ జవాబు దొరికే మూలాలు లేకపోతే ఈ థీసిస్ వదిలెయ్యాలి. వాక్యం ఎంత బాగున్నా సరే. థీసిస్‌కీ పేపర్‌కీ పొంతన కుదరకపోతే రెండింటిలో ఒకటి మారాలని హ్యాండవుట్ చెప్పే మాట ఇక్కడే పనికొస్తుంది. మారాల్సింది ఎక్కువసార్లు థీసిస్సే, ఎందుకంటే ఆధారాల్ని మనం తయారు చెయ్యలేం.

చాపెల్ హిల్ గైడ్‌లో లోటు, ఉదాహరణలన్నీ అమెరికా చరిత్ర, సాహిత్యం నుంచే. అంతర్యుద్ధం గురించి తెలియనివాళ్ళకి మెట్ల మధ్య తేడా వెంటనే పట్టుబడదు. ఒకసారి ఆ యుద్ధం గురించి రెండు పేరాలు చదివి మళ్ళీ చూడండి. తెలుగు రాష్ట్రాల్లో రీసెర్చ్ మెథడాలజీ చెప్పే అధ్యాపకులకి ఒక మాట: ఈ హ్యాండవుట్లు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉన్నాయి. వ్యాపారానికి కాకుండా, మూలం చెప్పి, ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు జిరాక్సు తీసి క్లాసులో పంచొచ్చు. సగం కత్తిరించి మన నోట్సులో కలిపేసుకోవడానికి మాత్రం అనుమతి లేదు.

హార్వర్డ్ పేజీ పొట్టిది, కాస్త పెద్దమనిషి తరహాలో మాట్లాడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తేలిగ్గా ఎక్కదు. కానీ రెండు విషయాల్లో దీనికి సాటి లేదు. ఒకటి, థీసిస్ ఏది కాదో మొహమాటం లేకుండా చెప్తుంది: ప్రశ్న థీసిస్ కాదు, జాబితా థీసిస్ కాదు, ఎదుటివాణ్ణి తిట్టేది థీసిస్ కాదు. తూర్పు యూరప్‌లో కమ్యూనిజం రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక కారణాల వల్ల కూలిందని రాస్తే అది జాబితా. ఉన్న కారణాలన్నీ చెప్పేశారు కాబట్టి ఏమీ చెప్పనట్టే. సాంస్కృతిక శక్తులు తోడ్పడినా ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలడమే కీలకమైంది అంటే వాదన. మన “సామాజిక, ఆర్థిక, రాజకీయ కారణాలు” అనే అలవాటుకి ఇంతకంటే సూటి మందు ఇంకెక్కడా దొరకదు.

రెండోది, చదివే మూలాల్లో పొసగని చోటు వెతకమనడం. ఈ సలహాతో మా టాపిక్ మళ్ళీ చూస్తే కళ్ళ ముందే ఉన్నది బయటపడింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో ఊళ్ళకి చేర్చే ఏర్పాటు చేసిందీ ఎన్టీఆర్ ప్రభుత్వమే, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చిందీ ఎన్టీఆర్ ప్రభుత్వమే. ఇక్కడినుంచి ఇంకో పేపరే పుడుతుంది: ఉద్యమం ప్రభుత్వ విధానాన్ని మార్చిందా, లేక ఎన్నికల లెక్కను మార్చిందా? అక్షరాస్యత పేపర్‌కి కూడా ఇది పనికొచ్చింది, ఎదుటి వాదన రూపంలో. సారా ఇంటి గుమ్మం దాకా వచ్చింది కాబట్టే ఆడవాళ్ళు తిరగబడ్డారు, తరగతులు లేకపోయినా తిరగబడేవాళ్ళే అని ఎవరైనా అంటే? దాన్ని థీసిస్‌లోనే కలిపేస్తే ఇలా వస్తుంది: “ప్యాకెట్ సారా ఊరూరా అందుబాటులోకి రావడం కోపాన్ని పెంచినా, ఆ కోపం ఒక ఊరి గొడవగా ఆగిపోకుండా జిల్లా ఉద్యమంగా మారడానికి కారణం అక్షరాస్యత కేంద్రాలు కల్పించిన మాట్లాడుకునే చోటు.” ఎదుటి వాదనకి తగిన విలువ ఇచ్చి, దాన్ని దాటి వెళ్ళింది. మహిళా సంఘాల పాత్ర, పత్రికల్లో వచ్చిన విస్తృత ప్రచారం కూడా ఇలాంటి ఎదుటి వాదనలే. అన్నిటినీ వాక్యంలో ఇరికించకూడదు. బలమైన ఒక్కదాన్ని వాక్యంలో పెట్టి, మిగతావాటికి పేపర్ మధ్యలో జవాబు చెప్పాలి.

ఇండియానా యూనివర్సిటీ గైడ్ అసలేమీ తోచక ఖాళీ పేజీ ముందు కూర్చున్నవాళ్ళ కోసం. టాపిక్ ఇచ్చి ఉంటే దాన్ని ప్రశ్నగా మార్చి, దానికి ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయమంటుంది. టాపిక్ ఇవ్వకపోతే చిన్నపిల్లలు చక్కెర తినడం అనే ఉదాహరణతో టాపిక్‌ని ఎలా కుదించాలో, అభిప్రాయంగా ఎలా మార్చాలో, చివరికి వాదనగా ఎలా తేల్చాలో అడుగడుగునా చూపిస్తుంది. తేలిక ఇంగ్లిష్, అందరికీ అర్థమవుతుంది. ఒక వాక్యంలో ఒకే ప్రధాన విషయం ఉండాలన్న భాగం తప్పక చదవండి. ‘మరియు’తో రెండు వాదనలు అతికించడం మనకి బాగా అలవాటు. ఆ రెంటి మధ్య ‘కాబట్టి’, ‘అయినా’, ‘ఎందుకంటే’ ఏది పడుతుందో తేల్చుకోమంటారు. ఏదీ పడకపోతే అవి రెండు పేపర్లు. జాగ్రత్తపడాల్సింది ఒక్కచోట: చక్కెర ఉదాహరణ చివరి వాక్యంలో ఒక గణాంకం ఉంటుంది. ఆ నమూనా చూసి థీసిస్‌లో అంకె పెట్టాలని నేర్చుకుంటే, మూలం లేని అంకెలు వచ్చి చేరతాయి. అంకె పేపర్ లోపల, దాని ఆధారం పక్కన ఉండటమే మేలు.

జనరేటర్ సైట్లు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి. టాపిక్, మీ అభిప్రాయం, ఒక కారణం, ఒక ఎదుటి వాదన అని నాలుగు గడులు. నింపితే ‘ఫలానా అయినప్పటికీ, ఫలానా, ఎందుకంటే ఫలానా’ అని ఇంగ్లిష్ వాక్యం అల్లి ఇస్తాయి. వ్యాకరణం బాగుంటుంది. కానీ గడుల్లో మనం పెట్టిందే బయటికొస్తుంది. కారణం దగ్గర ‘అవగాహన పెరిగింది’ అని పెడితే ‘అవగాహన పెరిగినందువల్ల’ అని వస్తుంది. ఏ అవగాహన, ఎవరికి, ఎలా అని గడి అడగదు. అడగాల్సిన ప్రశ్న అడగని చోట సాయం ఏముంది? ఇలాంటి వాక్యాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. టాపిక్ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టండి. సారా ఉద్యమం బదులు చిప్కో ఉద్యమం అని పెట్టినా వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అందులో సరుకు లేదు. పైన అక్షరాస్యత కేంద్రాల వాక్యంలో చిప్కో పెట్టి చూడండి, వెంటనే విరిగిపోతుంది. అలా విరగాలి.

చాట్‌బాట్‌లు గడుల సైట్లకంటే చాలా తెలివిగా రాస్తాయి, అందుకే వాటితో ప్రమాదమూ ఎక్కువ. టాపిక్ చెప్పగానే నున్నటి వాక్యం ఇస్తాయి, నిర్దిష్టంగానే కనిపిస్తుంది. ఆ తర్వాత విద్యార్థి ఆ వాక్యానికి సరిపోయే ఆధారాలు వెతకడం మొదలుపెడతాడు, దొరకవు. అప్పుడు మూలాలు కూడా చాట్‌బాట్‌నే అడుగుతాడు. లేని వ్యాసం పేరు, లేని పేజీ నంబర్ వచ్చి పడే అవకాశం అక్కడే. ప్రొఫెసర్ ఒక్కటి తనిఖీ చేసినా విషయం కాపీ, మోసం కేసులు చూసే అకడమిక్ ఇంటిగ్రిటీ ఆఫీసు దాకా వెళ్తుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్ళకి సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టర్ పోవడంతో ఆగదు, వీసా స్టేటస్ మీదికి వస్తుంది. వాడాలంటే ముందు సిలబస్‌లో ఏఐ గురించి ఏం రాశారో చూడండి. అనుమతి ఉంటే, మీరు రాసుకున్న వాక్యాన్ని ఇచ్చి దీన్ని కాదనేవాళ్ళు ఏమంటారు అని అడగడం వరకు మంచి ఉపయోగం. మొదటి వాక్యం మాత్రం మీ నోట్సులోంచే రావాలి.

నాలుగు గైడ్లలో ఏదీ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది, అమెరికా వెళ్ళే మనవాళ్ళలో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులే ఎక్కువ కాబట్టి ఇది చెప్పి తీరాలి. ఈ నియమాలు హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ పేపర్ల కోసం తయారైనవి. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో ‘ఈ పేపర్‌లో మేము ఫలానా పద్ధతి ప్రతిపాదిస్తున్నాం’ అని రాయడం తప్పు కాదు, అదే ఆనవాయితీ. అక్కడ థీసిస్ స్టేట్‌మెంట్ పనిని ఇంట్రడక్షన్ చివర వచ్చే పరిశోధన ప్రశ్న, పరికల్పన (హైపోథిసిస్), లేదా ఈ పేపర్ కొత్తగా ఏం చేసిందో చెప్పే కాంట్రిబ్యూషన్స్ జాబితా చేస్తాయి. దానికి పనికొచ్చేది జాన్ స్వేల్స్ 1990లో ప్రచురించిన మూడు అంచెల నమూనా: ఈ రంగం ఎందుకు ముఖ్యం, ఇప్పటిదాకా చేసినదాంట్లో ఖాళీ ఎక్కడుంది, ఆ ఖాళీని ఈ పేపర్ ఎలా పూరిస్తుంది. అయినా ‘కాదనగలరా’ అన్న పరీక్ష ఇక్కడా వర్తిస్తుంది. ‘మెరుగైన పద్ధతి’ అంటే చాలదు. దేనికంటే, ఏ డేటాసెట్ మీద, ఏ కొలమానంలో మెరుగో ఉండాలి. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సినాప్సిస్‌లోని (పరిశోధన ప్రణాళికలోని) ఆబ్జెక్టివ్స్ కూడా ఇదే తీరు. ‘టు స్టడీ’, ‘టు ఎగ్జామిన్’ అని మొదలయ్యే అయిదారు పాయింట్లు చెయ్యబోయే పనిని చెప్తాయి తప్ప తేల్చినదాన్ని చెప్పవు. సినాప్సిస్ నాటికి అంతే చాలు. చివరి చాప్టర్ రాసే నాటికి వాటి స్థానంలో వాదన రాకపోతే వైవాలో ఇబ్బంది.

ఇక వాడే క్రమం. అయిదారు పేజీల పేపర్‌కి కనీసం మూడు నాలుగు మూలాలు నోట్స్ రాసుకుంటూ చదివాకే మొదటి వాక్యం రాయండి. ఇండియానా పద్ధతిలో ప్రశ్న, జవాబు. పర్డ్యూ రెండో పేజీతో అది ఏ రకం వాదనో తేల్చుకోవడం. చాపెల్ హిల్ ప్రశ్నలన్నీ ఒక్కోటి కాగితం మీద జవాబు రాస్తూ చూసుకోవడం, మనసులో అనుకుంటే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాయి. డ్రాఫ్ట్ అయ్యాక హార్వర్డ్‌తో ఎదుటి వాదన చూసుకోవడం. వాక్యం ఇంగ్లిష్‌లో నలభై మాటలు దాటితే రెండు వాక్యాలు చేసెయ్యండి, తప్పేమీ లేదు. చిన్న పేపర్‌లో మొదటి పేరా చివర పెట్టండి. పదిహేను ఇరవై పేజీలది అయితే నేపథ్యం చెప్పాక రెండో పేరాలోనో మూడో పేరాలోనో వచ్చినా ఫర్వాలేదు. చివరగా థీసిస్‌ని ఒక కాగితం పైన రాసి, కింద ప్రతి పేరా మొదటి వాక్యాన్ని వరసగా రాయండి. థీసిస్‌తో సంబంధం లేని పేరా ఇట్టే దొరుకుతుంది. మా టాపిక్‌లో అలా దొరికేది మద్యపానం వల్ల ఆరోగ్యానికి హాని అనే పేరా. ప్రతి డ్రాఫ్టులోనూ ఎలాగో వచ్చి కూర్చుంటుంది, వాదనకి దానితో పనిలేదు.

ఈ గైడ్లన్నీ చదివాక కూడా వాక్యం కుదరకపోతే సొంత క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ ఉందేమో చూడండి. అమెరికా యూనివర్సిటీల్లో చాలావాటిలో ఉంటుంది, చేరిన విద్యార్థులకి సాధారణంగా ఉచితం. సెమిస్టర్ చివరి వారాల్లో స్లాట్లు దొరకవు, గడువుకి రెండు వారాల ముందే బుక్ చేసుకోండి. వెళ్ళేటప్పుడు అసైన్‌మెంట్ ప్రాంప్ట్ ప్రింట్, థీసిస్ కింద గీత గీసిన డ్రాఫ్ట్, మూలాల నోట్స్ పట్టుకెళ్ళండి. గ్రామర్ చూసిపెట్టమని అడిగితే ఆ అరగంటా ఆర్టికల్స్, ప్రిపొజిషన్లతోనే అయిపోతుంది. ఈ వాక్యాన్ని మీరు ఎక్కడ ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అని ట్యూటర్‌ని అడగండి, వాళ్ళు చెప్పింది అక్కడే రాసుకోండి.